సున్నా వాట్ల పెట్టె

మా నీలంపేట సబ్ జైలు కట్టి నూరేళ్లు దాటింది. ఈ నూరేళ్లలో గోడ దూకి పారిపోయినవాడు ఒక్కడూ లేడని మా సూపరింటెండెంట్ వైకుంఠరావు గారు ప్రతి జెండా వందనానికీ చెబుతారు. వెళ్లిపొమ్మన్నా వెళ్లలేకపోయినవాడి సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. అది నేను చెబుతాను. నేనక్కడ సీనియర్ అసిస్టెంట్‌ని, పేరు గౌరీపతి. నోరు కాస్త ఎక్కువన్న పేరుంది. ఉంటే ఉండనీండి.

ఒక శుక్రవారం మధ్యాహ్నం నేను పెరుగన్నం కలుపుకుంటుండగా ఆఫీసు గదిలో 'టప్'మని చప్పుడైంది. వెనకే కాలిన వాసన. వెళ్లి చూస్తే కంప్యూటర్ కన్ను మూసింది. కంప్యూటర్ అంటే అందరూ తెరనే అనుకుంటారు గానీ, దాని డబ్బా వెనకాల ఇటుకంత ఇనుప పెట్టె ఒకటుంటుంది. గోడలోంచి వచ్చే కరెంటును అందుకుని, లోపలి సామాన్లకు దేనికి ఎంత కావాలో అంత వడ్డించేది అదే. పవర్ సప్లై అంటారు. మాది ఆ రోజు వడ్డన మానేసింది.

సరిగ్గా అదే సాయంత్రం మడ్డు దాలయ్యకు కోర్టులో బెయిలొచ్చింది.

దాలయ్య ఏమీ గజదొంగ కాదు. సంతకెళ్లే బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి భార్యకు సీటు పట్టాడు. మన దగ్గర తువ్వాలు పడ్డ సీటంటే రిజిస్ట్రేషన్ అయిపోయిన స్థలంతో సమానం. ఎవడో ఆ తువ్వాలు తీసి అవతల పడేసి దర్జాగా కూర్చున్నాడు. కడుపుతో ఉన్న మనిషి కడ్డీ పట్టుకుని నిలబడింది. దాలయ్య ఒక్కటిచ్చాడు. దెబ్బ తిన్నవాడు ఒక పెద్దమనిషికి బావమరిది కావడంతో ఆ చెంపదెబ్బ ఎదిగి ఎదిగి హత్యాయత్నమైంది.

బెయిలొచ్చిందిగా, వదిలేయొచ్చుగా అంటారు మీరు. మీకు మా శాఖ తెలియదు. ఎక్కడో ఏదో జైల్లో ఎవడో దొంగ కాగితం చూపించి ఇంకో దొంగను విడిపించుకుపోయాడట. అప్పట్నుంచీ మాకు కాగితం మీద నమ్మకం పోయింది. కోర్టు ఉత్తర్వు ఆన్‌లైన్‌లో రావాలి. జైలుకు కేటాయించిన ఆ ఒక్క కంప్యూటర్లోనే తెరుచుకోవాలి. ఆ గదిలోని ప్రింటర్లోనే ప్రింటవాలి. అప్పుడే గేటు. మెజిస్ట్రేట్ గారు స్వయంగా వచ్చి "వీణ్ని నేనే వదిలానయ్యా" అన్నా చెల్లదు. ఆయన ప్రింటు కాదు కదా!

చీకటి పడేవేళకు దాలయ్య భార్య ఆసిరమ్మ గేటు దగ్గరికి వచ్చింది. నిండు నెలలు. ఒక చెయ్యి నడుం మీద, ఒక చెయ్యి గేటు మీద.

"బాబూ, మా ఆడ్ని ఒగ్గీసినారని వకీలు బాబు సెప్పినాడు. ఏడీ?"

"వదిలారమ్మా. కంప్యూటర్ పాడైంది. బాగవగానే పంపేస్తాం."

"కంప్యూటర్ ఆడేటి పాడుసెయ్యనేదు కదా బాబూ? నాకు నేడో రేపో అన్నట్టున్నాది. పెద్దాసుపత్రికి ఎల్లాలంటే ఎనకా ముందూ ఎవుల్నేరు. కాన్పునాటికి ఆడు నా పక్కనుంటే సాలు."

"ఒక్క పెట్టె మార్చాలి తల్లీ. సోమవారానికి అయిపోతుంది," అన్నాను. నా నోటికి ఆ మాట ఎలా వచ్చిందో!

సోమవారం పొద్దున్నే బజార్లో జలీల్ కంప్యూటర్ షాపుకు వెళ్లాను. జలీల్‌కు మాటల్లోనే సగం వ్యాపారం. ముందు రంగురంగుల లైట్లు వెలిగే పెట్టె ఒకటి చూపించాడు. "జైలయ్యా మాది, తిరునాళ్లు కాదు," అన్నాను.

"ఐతే ఇది తీసుకోండి సార్, నాలుగొందల యాభై వాట్లది. మీ ముసలి మిషన్ నూటయాభై కూడా తాగదు. చల్లగా పడుంటది."

"అమ్మో, నాలుగొందల యాభై కాలిస్తే మా వాళ్లు నన్ను కాలుస్తారు."

"కాలదు సార్! అది ఇవ్వగలిగే లెక్క. ఇంట్లో ఇరవై లీటర్ల బిందె ఉందని రోజూ ఇరవై లీటర్లు తాగుతామా? దాహమెంతో అంతే. చవకవి కూడా ఉన్నాయి, మీద ఐదొందలని స్టిక్కరు, లోపల సగం ఖాళీ. చేత్తో పట్టుకుంటే అప్పడంలా ఉంటది. అవి వద్దు. దీనికి ఎనభై శాతం సర్టిఫికెట్ ఉంది. గోడ దగ్గర వంద తీసుకుంటే ఎనభై లోపలికిస్తది, మిగతాది వేడైపోద్ది."

ఇంతకన్నా తెలుసుకోవాల్సిందేమీ లేదు. చిన్న పిల్లాడికి కూడా అర్థమయ్యే సంగతి. అందుకే మా ఆఫీసులో అది అంత కష్టమైంది.

వైకుంఠరావు గారు కొటేషన్ చూసి కళ్లజోడు తీశారు. ఆయన కళ్లజోడు తీశారంటే ఏదో నిబంధన గుర్తొచ్చిందన్నమాట.

"గౌరీపతీ, ఇవి విద్యుత్ పొదుపు పక్షోత్సవాలు. ఏ విద్యుత్ పరికరమైనా కొనేటప్పుడు, సదరు పాత పరికరం వాడుతున్న వాట్ల కన్నా కొత్తది తక్కువ వాట్లు వాడవలెను అని సర్క్యులర్ ఉంది. పాతది ఎన్ని వాట్లు వాడుతోంది?"

"పాతది పోయింది కదండీ."

"పోయింది సరే. ప్రస్తుతం ఎన్ని వాడుతోంది?"

"ఏమీ వాడటం లేదండీ. సున్నా."

"అయితే కొత్తది సున్నా కన్నా తక్కువ వాడాలి," అని నిట్టూర్చారు. "కష్టమే. కానీ మనం ప్రయత్నం చేయలేదన్న మాట రాకూడదు. కమిటీ వేయిద్దాం."

కమిటీకి విద్యుత్ పొదుపు నోడల్ అధికారిగా జిల్లా నుంచి డాక్టర్ విఠల్‌బాబు గారు వచ్చారు. ఆయన డాక్టరేటు వానపాముల మీద. అయినా ఏ విషయం మీదైనా గంటకు తగ్గకుండా మాట్లాడగలరు. జలీల్‌ను కూడా పిలిపించాం. పాపం, అమ్మకం కుదిరిందనుకుని కొత్త చొక్కా వేసుకొచ్చాడు.

విఠల్‌బాబు గారు సర్టిఫికెట్ చదివి బల్ల మీద వేలితో కొట్టారు. "ఎనభై శాతం అన్నారు. మిగతా ఇరవై శాతం ఎవరి పాలవుతోంది?"

"వేడైపోద్ది సార్," అన్నాడు జలీల్.

"వేడి! అంటే నూటికి ఇరవై వంతుల ప్రభుత్వ విద్యుత్తు గాల్లో కలుస్తోందని మీరే ఒప్పుకుంటున్నారు. రేపు ఆడిట్ వారు అడిగితే వేడికి రసీదు చూపించగలరా?"

జలీల్ నా వంక చూశాడు. నేను సీలింగు ఫ్యాను వంక చూశాను. పొదుపు పక్షోత్సవాల్లో భాగంగా అది కూడా తిరగడం లేదు.

"ఒక్క శాతం కూడా నష్టం లేనిది చూపించండి. నూటికి నూరు శాతం."

జలీల్‌కు తిక్క రేగింది. "నూటికి నూరా? స్విచ్చి కట్టేసి పెట్టిందైతే నూటికి నూరు సార్. ఇసుమంత నష్టముండదు, వేడుండదు, చప్పుడుండదు."

వాడు వెటకారంగా అన్నాడు. విఠల్‌బాబు గారు శ్రద్ధగా రాసుకున్నారు. "ఇది పరిశీలించదగిన కోణం," అన్నారు. వైకుంఠరావు గారు అవునవునని తలూపారు. అక్కడున్న అందరికీ ఆ మాటలో పస ఎంతో తెలుసు. తెలియనివాడు ఒక్కడూ లేడు. కానీ మొదట నవ్వినవాడి మీద చార్జిషీటు పడుతుందని కూడా అందరికీ తెలుసు, కనుక టీ తాగి రెండో సమావేశానికి తేదీ వేసుకున్నాం.

ఇంతలో లోపల దాలయ్య పరిస్థితి చిక్కున పడింది. బెయిలొచ్చిన రోజునే వాడు ఖైదీ కాకుండా పోయాడని వైకుంఠరావు గారు తేల్చారు. ఖైదీ కానివాణ్ని ఖైదీల గదిలో ఉంచడం నేరం. కనుక తెచ్చి ఆఫీసు వసారాలో బల్ల మీద కూర్చోబెట్టాం. ఖైదీ కానివాడికి జైలు కూడు పెట్టడం దుర్వినియోగం. కనుక రేషన్ కోశాం. ఇంటి క్యారేజీ రానిద్దామంటే, అది ఖైదీలకు ఉన్న సదుపాయం! మిగతా ఖైదీలు తలో ముద్దా తీసి పెట్టకపోతే మా జైల్లో స్వేచ్ఛాజీవి ఒకడు ఆకలికి పోయేవాడు. దొంగలే అన్నం పెట్టారు, మేం నియమం పెట్టాం.

ఆసిరమ్మ ములాఖత్‌కు వచ్చింది. మా గేటు నిండు రేకు తలుపు, బయటివాళ్లకూ లోపలివాళ్లకూ ఒకరి ముఖం ఒకరికి కనిపించే చోటు ములాఖత్ గదిలోని ఇనుప జాలీ ఒక్కటే.

"ములాఖత్ ఖైదీలకే ఇస్తారమ్మా," అని నేనే చెప్పాల్సి వచ్చింది. "నీ మొగుడు ఖైదీ కాడు."

"మరైతే ఇంటికి పంపండి."

"ప్రింటు రాలేదమ్మా."

"ఓలమ్మో! ఖైదీ కాడు, ఇంటికీ రాడు. మరాడేటి బాబూ?"

ఆవిడ కాసేపు గేటు రేకుకు నుదురు ఆనించి నిలబడింది. తర్వాత ఆయాసపడుతూ వెళ్లిపోయింది. ఆ వారమే పొరుగువాళ్లు ఆటోలో ఆసుపత్రికి తీసుకెళితే కాన్పయిందని, ఆడపిల్లని వకీలు కబురు చెప్పాడు. దాలయ్య బల్ల మీంచి లేచి నిలబడి, ఎటు వెళ్లాలో తెలియక మళ్లీ కూర్చున్నాడు. "ఎవుల్లాగున్నాదట బాబూ?" అని అడిగాడు. ఆ సంగతి కబురులో లేదు.

తుది ఎంపిక సమావేశం అట్టహాసంగా జరిగింది. బల్ల మీద జలీల్ తెచ్చిన మూడు పెట్టెలు పెట్టారు. పోలిక కోసం పాత పెట్టె కూడా విప్పి పక్కన పెట్టారు. మార్కులు ఐదు అంశాల మీద: విద్యుత్ వాడకం, నష్టం, వేడి, చప్పుడు, ఖజానా మీద భారం. జలీల్ పెట్టెలు ఒక్కోదాన్నీ తగిలించి చూశారు. ఒకటి కాస్త వెచ్చబడింది, మార్కులు కోశారు. ఒకదాని ఫ్యాను బుర్రుమంది, కోశారు. మూడోది బాగానే ఉందిగానీ కొనాలి, కోశారు. చివర్న పాత పెట్టెను తగిలించారు. గది నిశ్శబ్దమైంది. విఠల్‌బాబు గారు దాని మీద చెయ్యి వేసి కళ్లు మూసుకున్నారు.

"చల్లగా ఉంది. చప్పుడు లేదు. వాడకం సున్నా, నష్టం సున్నా, భారం సున్నా. నూటికి నూరు. మనం ఊరంతా వెతుకుతున్నది మన చంకలోనే ఉంది!"

"నాకు మొదట్నుంచీ దీని మీద నమ్మకమే," అన్నారు వైకుంఠరావు గారు.

ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. "సార్, అది పనిచేయదు కదండీ!" అన్నాను, కాస్త గట్టిగానే.

విఠల్‌బాబు గారు నా వైపు జాలిగా చూశారు. "గౌరీపతి గారూ, పనిచేయవలెను అని స్పెసిఫికేషన్లలో ఎక్కడైనా ఉందా?"

చూశాను. లేదు. రాసినవాణ్ని నేనే, పనిచేయాలని వేరే చెప్పాలా అనుకున్నాను.

పాత పెట్టెనే ఎంపిక చేశారు. అది మళ్లీ కంప్యూటర్లోకి వెళ్లిందనుకునేరు, లేదు. అంత ఆదర్శప్రాయమైన వస్తువును డబ్బాలో దాచడం తగదని వసారాలో ఎర్ర మఖ్మల్ గుడ్డ మీద పెట్టి, పూలదండ వేసి, పక్కన ప్రశంసాపత్రం ఫ్రేము కట్టించి పెట్టారు. చుట్టుపక్కల ఆఫీసుల వాళ్లు వచ్చి చూసి, మా ఆఫీసులోనూ ఇలాంటిది పెట్టాలంటే ఏం చేయాలని అడిగి వెళ్లారు. దండ వాడిపోకుండా నీళ్లు చల్లే పని, పక్క బల్ల మీద ఎలాగూ ఖాళీగా ఉన్నాడని, దాలయ్యకు అప్పగించారు.

పురుడు తీరాక ఆసిరమ్మ పొత్తిగుడ్డల్లో బిడ్డను పట్టుకుని వచ్చింది. ఎండకు కొంగు కప్పింది. నేను గేటులోని చిన్న తలుపు తీసుకుని బయటికి వెళ్లాను.

"బిడ్డని ఒక్కసారి సూపించీసి ఎలిపోతాను బాబూ. అంతే."

"నా చేతుల్లో లేదమ్మా."

"ఎవుల సేతుల్లో ఉన్నాది మరి?"

"ఎవరి చేతుల్లోనూ లేదు. అదే వచ్చిన చిక్కు."

ఆవిడ ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. సందేహం అడిగినట్టు నెమ్మదిగా అడిగింది. "అయితే బాబూ, ఆడు ఏ నేరం సేస్తే మల్లీ ఖైదీ అవుతాడు?"

గేటుకు లోపల వసారాలో దాలయ్య వింటున్నాడని నాకు తెలుసు. మా గేటు మాటకు అడ్డం రాదు. ఆసిరమ్మ బిడ్డను సర్దుకుని వెళ్లిపోయింది. నేను చిన్న తలుపు వేసి ఇటు తిరిగానో లేదో, దాలయ్య లేచాడు. దండ తీసి పక్కన పెట్టాడు, అంత కోపంలోనూ పూలు నలగకుండా. ఆ తర్వాత ఆ పెట్టెను రెండు చేతులా ఎత్తి గచ్చు మీద వేసి కొట్టాడు. ఇంకోసారి ఎత్తి ఇంకోసారి కొట్టాడు. లోపలి తీగలన్నీ బయట పడ్డాయి.

"నేరం సేసీసినాను బాబూ," అన్నాడు రొప్పుతూ. "రాసుకోండి."

వైకుంఠరావు గారు పరుగున వచ్చి గుండె పట్టుకున్నారు. "ఒరేయ్, అది జిల్లా స్థాయి ప్రశంస పొందిన ప్రభుత్వ ఆస్తిరా!"

పోలీసులు వచ్చారు. కేసు కట్టారు. దాలయ్యను జీపెక్కించి తీసుకుపోయారు. ఖైదీల జాబితాలో లేనివాడు కనుక గేటు దాటించడానికి ప్రింటు అక్కర్లేకపోయింది. ఈ సులువు మాకెవరికీ ఇన్నాళ్లూ తట్టలేదు! మర్నాడు కోర్టు రిమాండ్ వేసింది. ఎస్.ఐ. వాణ్ని తిరిగి మా గేటు దగ్గరికే తెచ్చాడు.

"చేర్చుకోండి సార్."

"ఎలా చేర్చుకోమంటారు?" అన్నారు వైకుంఠరావు గారు. "కంప్యూటర్లో ఎక్కిస్తేనే ఖైదీ. కంప్యూటర్ లేదు."

"ఏం చేయమంటారు మరి, ఇంటికి పంపేయమంటారా?"

ఆ మాట అలా పైకి పోయింది. పావుగంట కాకముందే పైనుంచి ఫోన్ మోగింది. వైకుంఠరావు గారు లేచి నిలబడి మాట్లాడారు. "చిత్తం... నిందితుడు ఇంటికి పోవడమా, ఎంత మాట... శాంతిభద్రతలు... చిత్తం, అత్యవసర కొనుగోలు కింద, చిత్తం." ఫోన్ పెట్టేసి నా మీద అరిచారు. "నిలబడి చూస్తావేమయ్యా! ఆ జలీల్ దగ్గరికి పరిగెత్తు! ఎన్ని వాట్లదైనా సరే!"

స్కూటర్ మీద వెళ్లి నాలుగొందల యాభై వాట్లది తెచ్చాను. జలీల్ వెనకే వచ్చి నాలుగు స్క్రూలు బిగించి, తీగలు తగిలించాడు. మొత్తం అరగంట. మనిషిని వదలడానికి నెలన్నర తిరిగినా కదలని ప్రభుత్వం, మనిషిని మూయడానికి అరగంటలో కదిలింది. నాకు అక్కడే నవ్వాలనిపించింది, ఆ వెంటనే సిగ్గేసింది.

కంప్యూటర్ చక్కగా లేచింది. లేస్తూనే ప్రింటర్ గరగరమని ఒక కాగితం కక్కింది. దాలయ్య బెయిలు ఉత్తర్వు, మొదటి కేసుది. వరుస తప్పడానికి వీల్లేదు కనుక వైకుంఠరావు గారు దాని మీద సంతకం చేసి, గేటు బయటున్నవాణ్ని లోపలికి రప్పించి, "దాలయ్యా, నువ్వు విడుదలయ్యావు," అని చదివి వినిపించి, వేలిముద్ర వేయించారు. చిన్న తలుపు తీశారు. దాలయ్య ఒక కాలు బయట పెట్టాడు. ఎస్.ఐ. భుజం పట్టి ఆ కాలు లోపలికి తిప్పాడు. రెండో కాగితం ప్రింటయింది. దాలయ్య మళ్లీ ఖైదీ. ఆ రాత్రి వాడికి జైలు కూడు పెట్టారు. వాడు వద్దనకుండా తిన్నాడు.

మర్నాడు ఆసిరమ్మకు ములాఖత్ ఇచ్చాం. కావలసిన అర్హతలన్నీ ఉన్నాయి. జాలీకి అటు వాడు, ఇటు ఆవిడ. బిడ్డను ఎత్తి జాలీకి దగ్గరగా పట్టుకుంది. దాలయ్య జాలీ సందులోంచి ఒక వేలు దూర్చాడు. ఆ పిల్ల దాన్ని గట్టిగా పట్టుకుని వదల్లేదు. "నీ ముక్కే," అంది ఆసిరమ్మ. వాడు తల ఊపుతూనే ఉన్నాడు.

అప్పుడు నా చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది. పొద్దున్నే మెమో వచ్చింది: "అత్యవసర పరిస్థితి తీరినందున, సదరు నాలుగు వందల యాభై వాట్ల పరికరాన్ని తక్షణమే తొలగించి స్టోరులో జమ చేయవలెను." విఠల్‌బాబు గారి సంతకం. విప్పే బాధ్యత నాకు. ఆ సంగతి ములాఖత్‌కు ముందే ఆసిరమ్మకు చెప్పాను.

ఇంతలో వకీలు వచ్చాడు, ముఖం వెలిగిపోతూ. "ఆసిరమ్మా, భయం లేదు. చిన్న కేసే. రేపటికల్లా బెయిలొచ్చేస్తుంది."

ఆసిరమ్మ వకీలును వదిలేసి నా దగ్గరికి వచ్చింది. బిడ్డను చంకన వేసుకుని, ఖాళీగా ఉన్న చేత్తో నా స్క్రూడ్రైవర్ చేతిని పట్టుకుంది.

"బాబ్బాబు, మీ కాల్లు పట్టుకుంతాను. బెయిలొద్దని ఆ కోర్టు బాబులకి సెప్పండి బాబూ. బెయిలొస్తే ఆడు మల్లీ నాకు కనపడ్డు."